గుండెలో దొంగ కొక్కెం

ఆ రోజుల్లో ఆడపిల్లకి గుండెదడ వస్తే లోకం ఒప్పుకునే కారణాలు మూడే. గ్యాస్, టెన్షన్, మూడోది నోటితో అనకుండా కళ్ళతో అడిగేది. (నన్ను నోటితోనే అడిగిన ఒక పెద్దాయనకి నేనిచ్చిన జవాబు ఇక్కడ రాయను. మీకు నా మీద ఉన్న మంచి అభిప్రాయం ఇంకొన్ని పేజీలు నిలవాలి.) ఇప్పుడైతే చేతికి ఒక గడియారం కట్టుకుంటే చాలు, అదే నాడి చూసి, లెక్క తప్పితే కీచుమని అరిచి మరీ చెబుతుంది. మాదాపూర్‌లో మెట్రో స్తంభాలు లేని కాలంలో, షేర్ ఆటో డ్రైవరుకి అటొకరు ఇటొకరు వేలాడుతూ ఆఫీసుకి చేరే కాలంలో, మన గుండె సరిగ్గా కొట్టుకోవడం లేదని మనమే సాక్ష్యాలు పోగుచేసి నిరూపించుకోవాల్సి వచ్చేది. నేను నిరూపించుకున్నాను. అందుకు పట్టిన నాలుగు నెలల్లో భయపడినంతగా మళ్ళీ ఎప్పుడూ భయపడలేదు. అయినా ఆ సంగతి ఎవరికి చెప్పినా నవ్వుతారు. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు నేనే నవ్వు వచ్చేట్టు చెబుతున్నాను. వయసు చేసే పనుల్లో ఇదొకటి.

మాది కడప జిల్లాలో ఒక చిన్న ఊరు. మా నాయన కరెంటాఫీసులో లైన్‌మన్. నాకు ఇరవై నాలుగో ఏట సైబర్ టవర్స్‌కి కూతవేటు దూరంలో ఒక కంపెనీలో టెస్టర్ ఉద్యోగం దొరికింది. టెస్టర్ అంటే తెలియనివాళ్ళకి చెబుతాను. ఎవరో రాసిన ప్రోగ్రాములో తప్పులు పట్టడం, పట్టినవాటిని వాళ్ళ ముందు పెట్టడం, వాళ్ళు కాదంటే పోట్లాడటం. ఊహ తెలిసినప్పటి నుంచి ఇంట్లో ఉచితంగా చేస్తున్న పనికి జీతం ఇస్తామంటే కాదంటానా? ఆఫీసులో నన్ను వెనకాల 'కోర్టు' అనేవాళ్ళు. నా ఎదురు సీట్లో ప్రోగ్రాములు రాసే అబ్బాయిని నేను ముఖం మీదే 'బాగానేఉంది' అనేదాన్ని. నేను ఏ తప్పు చూపించినా అతను తన కంప్యూటర్లో ఒకసారి నొక్కి చూసి, "నా దగ్గర బాగానే ఉంది మేడం," అని, దాని మీద 'మళ్ళీ రాలేదు' అన్న ముద్ర వేసి మూసేసేవాడు. మా వృత్తికి అదొక శాపం. తప్పుని కళ్ళారా చూశానని ఒట్టు పెట్టినా చెల్లదు, వాళ్ళ కళ్ళ ముందు మళ్ళీ రప్పించి చూపించాలి. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర.

మొదటిసారి వచ్చింది ఒక గురువారం మధ్యాహ్నం, మీటింగులో. ఒక తేదీ తప్పుగా పడుతోందని నేను, పడటం లేదని 'బాగానేఉంది'. ఉన్నట్టుండి ఎవరో స్విచ్ వేసినట్టు నా గుండె పరుగందుకుంది. భయానికి కొట్టుకునే గుండె మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది, అది అందరికీ తెలిసిన గుండె. ఇది అలా కాదు. ఒక్క క్షణం ముందు మామూలుగా ఉన్నది, మరుక్షణం కుట్టుమిషన్ సూదిలా టకటకటకమంటోంది. మెడ దగ్గర నరం కప్పలా ఎగురుతోంది. ఎదురుగా గోడ మీది అక్షరాలు అలుక్కుపోయాయి. లేచి బాత్రూములోకి వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఇరవై నిమిషాలు. ఈ తెల్లటి టైల్స్ మీద, మెడలో ఐడీ కార్డుతో, ఎవరూ లేకుండా పోతానన్నమాట అనుకున్నాను. చేతులు చల్లబడ్డాయి. మా అమ్మ ముఖం గుర్తుకు రావాల్సిన సమయంలో ఆ తప్పు తేదీ గుర్తుకొస్తోందేమిటా అని ఏడుపొచ్చింది. అంతలో, ఎలా వచ్చిందో అలాగే, స్విచ్ తీసేసినట్టు ఠక్కున ఆగింది. ముఖం కడుక్కుని సీటు దగ్గరికి వచ్చేసరికి నా తప్పు 'మళ్ళీ రాలేదు' అని మూసేసి ఉంది.

తర్వాత పది రోజులకోసారి, వారానికోసారి. హాస్టల్లో నా గదిలో ఉండే కోనసీమ అమ్మాయిని మేము 'గారమ్మాయి' అనేవాళ్ళం, ఎందుకంటే ఆమె ఆటోడ్రైవరుని కూడా 'ఆటోగారూ' అని పిలిచేది, తన ఈడుదాన్నైన నన్ను కూడా 'మీరు' అనే అనేది. నా రోగం సంగతి తెలిసిన మొదటి మనిషి ఆమె. మొదటిసారి నా మణికట్టు పట్టుకుని లెక్కపెట్టబోయి, "అయ్యబాబోయ్, లెక్కకి అందట్లేదండీ!" అని చెయ్యి వదిలేసింది. ఇద్దరం ఆటోలో పడి క్లినిక్‌కి పరుగెత్తాం. దారి పొడుగునా గుండె గుర్రంలా పరిగెత్తింది, క్లినిక్ మెట్ల దగ్గర ఆగింది. ఈసీజీ తీశారు. అచ్చు పుస్తకంలో బొమ్మలా ఉందట. గ్యాస్ మాత్రలిచ్చారు. రెండోసారి కాస్త పెద్ద ఆసుపత్రి, అక్కడ లిఫ్టులో ఆగింది. టెన్షన్, ధ్యానం చేయమన్నారు. మూడోసారి మూసాపేటలో ఎవరో మంచి డాక్టరని చెబితే అంత దూరం వెళ్ళాం, అక్కడ తీగలన్నీ ఒంటికి అంటించి, సిస్టరు మీట నొక్కడానికి వేలెత్తిన క్షణంలో ఆగింది. ఆ డాక్టరు కాగితం చూసి, నన్ను చూసి, "కోపం ఎక్కువా అమ్మా?" అన్నాడు. "లేదు!" అని నేను అరిచిన అరుపుకి బయట కూర్చున్న ముసలావిడ లోపలికి తొంగిచూసింది. ఆయన చీటీ మీద ఏదో రాసుకున్నాడు.

నవ్వకండి. అప్పటి నా పరిస్థితి ఏమిటో తెలుసా? ఊళ్ళో బస్సెక్కించేటప్పుడు మా నాయన పెట్టిన షరతు ఒక్కటే. "ఒంట్లో బాగలేకుంటే ఒగ దినం గూడా ఆడ ఉండాకు మ్మా. బస్సెక్కి వచ్చేయ్. ఉద్యోగం పోతే పోనీ." ఆయన అన్నాడంటే అన్నట్టే. చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే నేనే పోతాను. మధ్యలో ఆఫీసులో మా మేనేజరు పిలిచి, ఆవేశం తగ్గించుకోకపోతే ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పొడిగిస్తానన్నాడు. డాక్టర్ల మాటా అదే, మేనేజరు మాటా అదే. నాకే అనుమానం మొదలైంది. నిజంగా జబ్బు నా గుండెలో ఉందా, నా నోట్లో ఉందా? ఒక్కదాన్నే రోడ్డు దాటాలంటే భయం, స్నానానికి గడియ వేసుకోవాలంటే భయం. ఆఫీసులో వాదించడం మానేశాను. 'బాగానేఉంది' రాసినవన్నీ తప్పులతో సహా దాటిపోతున్నాయి. అతను నా దగ్గరికొచ్చి, "ఒంట్లో బాగాలేదా మేడం?" అని అడిగాడు. నన్ను ఆ మాట అడిగిన మొదటి మగమనిషి అతనే, అది వేరే సంగతి.

చివరికి ఒక శనివారం పొద్దున లేచి, ఇది డాక్టర్లకి వదిలే పని కాదు, నా పని అనుకున్నాను. తప్పు ఉంది. పిలిచినప్పుడు రావడం లేదు. అయితే రప్పించాలి. నోటుపుస్తకం తీసి గీతలు గీసి, ఏ పరిస్థితుల్లో రావచ్చో వరసగా రాశాను, ఆఫీసులో ఎలా రాస్తామో అలాగే. ఖాళీ కడుపున మూడు కప్పుల చిక్కటి కాఫీ. ఆరంతస్తుల మెట్లు పరుగున ఎక్కడం. చన్నీళ్ళు. పోట్లాట. ఎదురుగా ఫలితానికి ఒక గడి. దగ్గర్లోనే గుండెజబ్బుల ఆసుపత్రి ఒకటి ఉంటే, వచ్చిన వెంటనే లోపలికి పరుగెత్తేలా దాని మెట్ల మీదే మకాం పెట్టాం. గారమ్మాయి చేతిలో గడియారం, పుస్తకం. (ఇంజినీరింగు చదివిన ఇద్దరు ఆడపిల్లలు చేసిన పని ఇది. చదువు మీద నమ్మకం ఉన్నవాళ్ళు ఈ పేరా వదిలేయండి.)

చన్నీళ్ళు ముఖాన కొట్టుకున్నాను, చలి ఒక్కటే వేసింది. కాఫీ తాగాను. కడుపు మండింది, గుండె మండలేదు. మెట్లెక్కాను, దిగాను, ఎక్కాను. ఆయాసం వచ్చింది, అది వేరు, ఇది వేరు. మూడోసారి దిగేసరికి పాలమూరు నుంచి వచ్చిన సెక్యూరిటీ అన్న కర్ర చంకలో పెట్టుకుని అడ్డం నిలబడ్డాడు.

"ఏందమ్మా, పొద్దుగాల సంది గీ మెట్లు ఎక్కుడు దిగుడు పెట్టిన్రు? ఎవలన్న పేషెంటున్నరా లోపల?"

"నేనే పేషెంటు," అన్నాను రొప్పుతూ.

"పేషెంటువైతే గిట్ల ఉరుకుతరా?"

"ఉరికితే వస్తుందేమోనని."

"ఏమొస్తది?"

"గుండెజబ్బండీ," అంది గారమ్మాయి, ఎంతో మర్యాదగా.

ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "గుండె దవాఖానకాడ నేను శానా మందిని చూసిన. తెచ్చుకునేటందుకు వచ్చినోళ్ళను ఇగ మిమ్ములనే చూసుడు," అని, అయినా పాపం, కూర్చోమని తన కుర్చీ ఇచ్చాడు.

ఇక మిగిలింది పోట్లాట. 'బాగానేఉంది'కి ఫోన్ చేశాను. సెలవురోజు, నిద్రలోంచి లేచినట్టున్నాడు. ఆ తేదీ తప్పు నాలుగు నెలలుగా అలాగే ఉందని, అతను ప్రోగ్రాములు రాయడం కన్నా ముగ్గులేస్తే నయమని, నోటికొచ్చినవన్నీ అన్నాను. అతను అంతా విన్నాడు. తర్వాత, "మీరు చెప్పింది రైటే మేడం. నిన్న నాకూ వచ్చింది. సోమవారం సరిచేస్తాను, సారీ," అన్నాడు. నా జీవితంలో ఎవరైనా నాతో అంత అన్యాయంగా ప్రవర్తించారా? పోట్లాడాలని చూసిన ఒక్కరోజు ఒప్పేసుకున్నాడు! గారమ్మాయి నాడి లెక్కపెట్టి "ఎనభై నాలుగండీ" అంది, గడిలో సున్నా చుట్టింది.

ఓడిపోయాను. హాస్టల్‌కి పోదాం పద అన్నాను. మెట్ల మీద చెప్పు పట్టీ ఊడితే పెట్టుకుందామని వంగాను. అంతే. వాదన లేదు, కోపం లేదు, కాఫీ ఎప్పుడో అరిగిపోయింది. ఉత్తగా వంగానంతే, స్విచ్ పడింది.

ఇప్పుడు చెబితే నమ్మరుగానీ, ఆ క్షణంలో నా భయం తలకిందులైపోయింది. నాలుగు నెలలుగా ఆగు ఆగు అని వేడుకున్న గుండెని, తల్లీ ఆగొద్దు, ఇంకో అయిదు నిమిషాలు ఆగొద్దు అని బతిమాలుకుంటూ చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి పరుగెత్తాను. రిసెప్షన్‌లో అమ్మాయి పేరు, వయసు, తండ్రి పేరు, చిరునామా అంటోంది. జన్మలో గొంతు పెంచని గారమ్మాయి బల్ల మీద దబదబా కొట్టి, "ముందు ఈసీజీ తీయండీ! ఆగిపోతుందండీ! ఆగిపోతుంది!" అని కేక పెట్టింది. గుండె ఆగిపోతోందనుకుని నలుగురు వచ్చి నన్ను ఎత్తి స్ట్రెచర్ మీద పడేశారు, సెక్యూరిటీ అన్న ముందు పరిగెత్తుతూ "జరగున్రి జరగున్రి" అని దారి చేశాడు. పడుకోబెట్టారు, అంటించారు, మీట నొక్కారు. కాగితం బయటికి వచ్చింది. గీతల మీద గీతలు, ఇరుకిరుగ్గా, దువ్వెన పళ్ళలా.

డాక్టరు వచ్చాడు. తల నెరిసిన మనిషి, కళ్ళద్దాలు నుదుటి మీద. కాగితం చూసి, "అబ్బ, ఏం దొరికింది!" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. "గిట్లెందుకు ఏడుస్తున్నవ్ బిడ్డా? ముక్కు మూసుకో, నోరు మూసుకో, లోపల్నే గట్టిగ ఊదు. ఇంక గట్టిగ." ఊదాను. రెండోసారికి ఠక్కున ఆగింది. (నోరు మూసుకో అని నాతో అని బతికి బట్టకట్టిన మనిషి ఆయనొక్కడే.) తర్వాత కుర్చీ లాక్కుని, తీరిగ్గా చెప్పాడు.

"గుండెకు పైన కుడిదిక్కు ఒక చిన్న జాగ ఉంటది. కరెంటు ఆడ పుడతది. కిందికొచ్చి నడుమ ఒక చౌరస్తల జర ఆగుతది, పై గదులల్ల రక్తం కిందికి దిగేదాంక. ఆనుంచి రెండు తీగలల్ల కింది గదులకు పోతది, గుండె ఒక్కపారి కొట్టుకుంటది. ఆ కరెంటు పని గాడికే ఖతం. మళ్ళ పైనుంచి కొత్తది పుట్టాలె. నీకు పుట్టుకతోనే కిందినుంచి పైకి ఒక దొంగ తొవ్వ ఉన్నది. కిందికి పోయిన కరెంటు గా తొవ్వల మళ్ళ పైకొస్తది, మళ్ళ చౌరస్తకు, మళ్ళ కిందికి. ఇగ తిరుగుడే తిరుగుడు. తిరుగుడు ఆగినంక పటం తీస్తే మంచిగనే ఉంటది. అందుకే ఎవ్వలకు దొరకలే."

"నా కోపం వల్ల కాదా?"

"కోపానికి తొవ్వలు పుడతాయా బిడ్డా? నీ కోపం నీదే, గీ తొవ్వ గుండెదే."

ఆ మాట రాసి సంతకం పెట్టిమ్మని అడిగాను. నవ్వి, నిజంగానే చీటీ మీద రాసిచ్చాడు. మాత్రలతో నెట్టుకురావచ్చు, లేదంటే తొడ దగ్గర నరంలోంచి సన్నటి తీగ పంపి ఆ దొంగదారిని కాల్చేస్తే పీడ వదులుతుంది అన్నాడు. కాల్చేయండి అన్నాను. ఖర్చు కంపెనీ బీమా చూసుకుంటుంది. కానీ ఇంటివాళ్ళు ఒకరు వచ్చి సంతకం చేయాలి అన్నాడు. ఇంటివాళ్ళు అంటే నాయన.

ఫోన్ చేసి, ఏమీ లేదు నాయనా, చిన్న పరీక్ష, అన్నాను. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రి గేటు దగ్గర చేతిసంచితో నిలబడి ఉన్నాడు. డాక్టరు ఆయనకి కూడా అదంతా చెప్పాడు. మా ఆఫీసులో ఇంజినీర్లకి బొమ్మ గీసి చెప్పినా అర్థంకానిది, మా నాయనకి మాట మధ్యలోనే అర్థమైపోయింది. "అంటే సార్, పైన సబ్‌స్టేషను, నడుమ ట్రాన్స్‌ఫార్మరు, కింద రెండు లైన్లు. యెవుడో దొంగకరెంటుకు లైను మీద కొక్కెం ఏసినాడు. కరెంటు వెనక్కి తంతాండాది."

"శబాష్! గంతే అన్నా!" అన్నాడు డాక్టరు.

"మరి పని చేసేటప్పుడు లైన్ క్లియర్ ఎట్ల తీసుకుంటారు సార్?"

ఇది చెప్పాలి మీకు. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌లో కరెంటు ఆపించి, ఆపామని కాగితం మీద రాయించుకుంటాడు. అదే లైన్ క్లియర్. అది లేకుండా మా నాయన ఇంట్లో బల్బు కూడా మార్చడు.

"ఆపుడు ఉండదన్నా. గుండె నడుస్తుండంగనే చేయాలె. కరెంటు లేకుంటే దొంగ తొవ్వ యాడుందో ఎట్ల ఎరుకైతది?"

మా నాయన ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. లేచి నిలబడి సంచి తీసుకున్నాడు. "లెయ్ మ్మా. పోదాం పా మన ఊరికి."

క్యాంటీన్‌లో గంటసేపు వాదించాను. ఇది చదువుకున్నవాళ్ళు తేల్చిన వైద్యం, ఈయన పెద్ద డాక్టరు, ఈయన చేతుల మీద ఎంతోమందికి నయమైంది, నేను మేజర్ని, నా సంతకం నేనే చేసుకుంటాను, అన్నీ అన్నాను. ఆయన టీ గ్లాసు తిప్పుతూ విన్నాడు. చివరికి, "నాతో పాటు ఉద్యోగంలో చేరినోడు ఒగడుండె," అన్నాడు. "లైను ఆపినారనుకొని ఎక్కినాడు. ఆపినారు గూడా. పక్కన యెవురో ఇంట్లో జనరేటర్ ఏసినారు, వెనక నుంచి కరెంటు వచ్చె. కింద నేను నిచ్చెన పట్టుకొనుండా." అంతవరకే చెప్పాడు. మా ఇంట్లో ఇరవై నాలుగేళ్ళు ఉండి ఆ సంగతి నాకు తెలియదు. అప్పటిదాకా నా భయం ఒక్కటే ఈ లోకంలో ఉందనుకున్నాను.

కాసేపటికి ఆయనే లేచి ఒక్కడే డాక్టరు గదికి వెళ్ళాడు. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. "బాగయితాదని చెప్పొద్దు సార్. ఏం చెడిపోవచ్చో చెప్పండి." డాక్టరు దాచలేదు. దొంగదారి అసలు చౌరస్తాకి దగ్గరగా ఉండొచ్చు, పొరపాటున అది కాలితే పిల్లకి జీవితమంతా గుండెని నడిపే బ్యాటరీ పెట్టుకోవాల్సి వస్తుంది, అరుదే కానీ జరగదని అనను అన్నాడు. "గందుకే నాకూ భయమే అన్నా. అనుమానమొస్తే కాల్చ, తీగ గుంజుకొని బయటికొస్త." నాయన బయటికొచ్చి సంతకం పెట్టాడు. నేను తెల్లబోయి చూస్తుంటే, "భయముండేటోడే స్తంభం ఎక్కాల మ్మా," అన్నాడు. "భయం లేనోన్ని కిందనే నిలబెట్టాల."

రెండు రోజుల తర్వాత ఆ చల్లటి గదిలో బల్ల మీద నేను. మత్తు ఇవ్వరు, మెలకువగానే ఉండాలి. చుట్టూ తెరలు, వాటి మీద నా గుండెలో కరెంటు అక్షరాలా పాకుతూ కనిపిస్తోంది. నా లోపల తీగలు కదులుతుంటే పక్కటెముకల కింద ఎవరో వేలితో మీటుతున్నట్టుంది. డాక్టరు ముందు దాన్ని రప్పించాలి, రప్పిస్తేనే ఎక్కడుందో తెలుస్తుంది. మీటాడు. రాలేదు. ఇంకోలా మీటాడు. రాలేదు. అరగంట గడిచింది. వాళ్ళలో వాళ్ళు గుసగుసలు. నా ఒళ్ళంతా చెమట. "బిడ్డా, వస్తలేదు," అన్నాడు తెర మీద నుంచి చూపు తిప్పి. "ఇయ్యాల చాలిద్దామా?"

నాలుగు నెలల భయమంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది. కదలకూడదు కాబట్టి నోటితోనే లేచి కూర్చున్నాను. "మీ దగ్గర రాకపోతే లేనట్టా సార్? మీరూ 'మళ్ళీ రాలేదు' అని ముద్ర కొట్టి పంపించేస్తారా? మళ్ళీ నేను రోడ్డు మీద పడితే ఎవరు చూస్తారు? నేను ఇక్కడి నుంచి లేవను. పొద్దుగూకేదాకా అయినా సరే, రప్పించండి!" డాక్టరు గట్టిగా నవ్వి, "అరే, గీ పిల్ల మనకు డ్యూటీ ఏసింది!" అని, చేతికున్న సూదిలోంచి ఏదో మందు ఎక్కించమన్నాడు. నిమిషంలో ఒళ్ళు వేడెక్కింది. మళ్ళీ మీటాడు.

వచ్చింది. అదే టకటకటక, మెడలో అదే కప్ప. "ఇదే సార్! ఇదే! చూడండి!" అని తప్పిపోయిన బిడ్డ కనిపించినట్టు అరిచాను. తెర మీద గీతలు గుండ్రంగా తిరిగి తిరిగి వస్తున్నాయి. "కనవడ్డది," అన్నాడు డాక్టరు, ఇక నవ్వు లేదు ఆ గొంతులో. "దగ్గర్నే ఉన్నది చౌరస్తకు. జర కదలకు. ఊపిరి మెల్లగ." ఆ కొన్ని నిమిషాల గురించి నేను హాస్యంగా ఏమీ రాయలేను. రొమ్ము లోపల సన్నగా వేడి. మా నాయన నిచ్చెన పట్టుకుని కింద నిలబడటం ఒక్కటే కనిపించింది. టకటకటకమంటున్నది మధ్యలో తెగిపోయింది. టక్. టక్. టక్. తాపీగా.

ఆ తర్వాత మళ్ళీ అరగంట రప్పించడానికి చూశారు, మందు ఎక్కించి, మీటి, మళ్ళీ మీటి. రాలేదు. "వస్తలేదు బిడ్డా," అన్నాడు. అదే మాట. ఈసారి కళ్ళమ్మట నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే, "మూసేయండి సార్," అన్నాను.

బయట మా నాయన మూడు గంటలూ కూర్చోకుండా నిలబడ్డాడని గారమ్మాయి చెప్పింది. కుర్చీ వేస్తే, "పైన మనిషి ఉన్నప్పుడు కింద కూర్చోకూడదు మ్మా," అన్నాడట. నన్ను చక్రాల మంచం మీద తెస్తుంటే మణికట్టు పట్టుకుని ఒక నిమిషం పాటు లెక్కపెట్టుకుని, చెయ్యి దుప్పటి కింద పెట్టాడు. నాలుగో రోజు ఒక్కడే ఊరి బస్సెక్కాడు. నన్ను రమ్మనలేదు. నేనూ అడగలేదు. నా జీవితంలో నేను వాదించకుండా గెలిచిన కేసు అదొక్కటే. ఆఫీసులో డాక్టరు రాసిచ్చిన చీటీ మేనేజరు బల్ల మీద పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, "అంటే కోపం అలాగే ఉంటుందన్నమాట," అన్నాడు దిగులుగా.

ఇరవై ఏళ్ళు దాటిపోయాయి. ఆ దొంగదారి మళ్ళీ తెరుచుకోలేదు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒక్క మాట చెప్పాడు: దారి పోయినా, దాన్ని మొదలుపెట్టే దెబ్బ, గుండె తొందరపడి వేళకి ముందే కొట్టుకునే దెబ్బ ఒకటి, అప్పుడప్పుడూ పడుతూనే ఉంటుంది, మళ్ళీ మొదలైందనిపిస్తుంది, కాదు, భయపడకు అని. భయపడకు అంటే భయం పోతుందా? ఇప్పటికీ ఏడాదికి నాలుగైదుసార్లు, ఎక్కువగా ఎవరితోనో వాదిస్తుండగానే (నా రోజులో ఎక్కువ భాగం అందులోనే గడుస్తుంది కాబట్టి), గుండె ఒక్క ఎగురు ఎగురుతుంది. మాట నోట్లోనే ఆగిపోతుంది, చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళిపోతుంది. ఒకటి. రెండు. మూడు. ఏమీ రాదు. ఆ మూడు క్షణాల్లోనూ ఎదుటి మనిషి ముఖం వెలిగిపోతుంది, ఈవిడ నోరు మూయించగలిగాను కదా అని. కిందటి వారం మా అమ్మాయి ముఖం అలాగే వెలిగింది. "ఏంటమ్మా, జవాబు లేదా? అయితే నేను చెప్పిందే కరెక్ట్," అంది. ఇరవై నాలుగేళ్ళప్పటి నేనైతే అలా పోనిచ్చేదాన్నా! కానీ ఇప్పుడు, తన దారిన తాను తాపీగా నడుస్తున్న గుండెని వింటూ కూర్చుండిపోయి, ఏం జవాబు చెప్పబోయానో మరిచేపోయాను.